డోంట్‌కి ముందా, వెనకా?

ప్రశ్న: నేను భీమవరం దగ్గర ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో డాక్యుమెంటేషన్ సెక్షన్‌లో పని చేస్తున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. రోజూ విదేశీ కొనుగోలుదారులకు మెయిల్స్ రాయాలి. ఈమధ్య ఒక కంటైనర్ శుక్రవారానికి చేరే ప్రసక్తే లేదని తెలిసి, ముందే చెబుదామని ‘ద కంటైనర్ వోంట్ డెఫినెట్లీ రీచ్ బై ఫ్రైడే’ అని రాశాను. చేరినా చేరొచ్చు అనుకుని వాళ్ళు కోల్డ్ స్టోరేజీలో చోటు బుక్ చేసుకున్నారు. తర్వాత గొడవైంది. ‘డెఫినెట్లీ వోంట్’ అని రాయాల్సిందని మా మేనేజర్ అన్నారు. యాడ్‌వెర్బ్ హెల్పింగ్ వెర్బ్ తర్వాత రావాలని స్కూల్లో చెప్పారు, నేను అదే పాటించాను. ‘ఐ డోంట్ రియల్లీ నో’, ‘ఐ రియల్లీ డోంట్ నో’ రెండూ వింటూ ఉంటాను. ఏది కరెక్ట్? ప్రతి మాటకీ ఇలా టెన్షన్ పడాల్సిందేనా?

జవాబు: మీ టీచర్ చెప్పింది తప్పు కాదు. మీ మేనేజర్ చెప్పిందీ తప్పు కాదు. టీచర్ చెప్పిన సూత్రం ‘విల్’ లాంటి మాటలకు సరిపోతుంది. దాన్ని మీరు ‘వోంట్’ మీద ప్రయోగించారు. అక్కడే తేడా వచ్చింది.

‘ద కంటైనర్ విల్ డెఫినెట్లీ రీచ్’ అన్నప్పుడు డెఫినెట్లీ విల్ తర్వాత చక్కగా కూర్చుంది. కాదు అని చెప్పాలంటే ‘విల్ డెఫినెట్లీ నాట్ రీచ్’. విల్‌కీ నాట్‌కీ మధ్య ఖాళీ ఉంది కాబట్టి డెఫినెట్లీ అందులో పట్టింది. చూడండి, అది విల్ తర్వాతే ఉంది, కానీ నాట్ కంటే ముందుంది. ఇప్పుడు విల్, నాట్ కలిసిపోయి వోంట్ అయ్యాయి. మధ్యలో ఖాళీ పోయింది. ఇక డెఫినెట్లీకి రెండే దారులు: మొత్తం వోంట్‌కి ముందైనా రావాలి, తర్వాతైనా రావాలి. తర్వాత పెడితే అది నాట్‌కి వెనక పడిపోతుంది. మీ మెయిల్‌లో జరిగింది అదే.

ఈ కలిసిపోవడం గురించి 1983లో ఆర్నల్డ్ జ్విక్కీ, జెఫ్రీ పులమ్ అనే ఇద్దరు భాషాశాస్త్రవేత్తలు ఒక వ్యాసం రాశారు. డోంట్, వోంట్, కాంట్ లాంటి మాటల చివర ఉన్నది నాట్‌ని తొందరలో కుదించి పలికిన ముక్క మాత్రమే కాదు, అది క్రియకు అతుక్కున్న ప్రత్యయం అని వాళ్ళ వాదన. మనకు ఇది సులువుగానే అర్థం కావాలి. చేరదు, రాను, తినం అన్నప్పుడు మన ‘కాదు’ కూడా క్రియలోనే కలిసిపోయి ఉంటుంది కదా. వోంట్ అనేది విల్, నాట్ అనే రెండు మాటల తాత్కాలిక కలయిక అనుకోవద్దు. దాన్ని విడదీయలేని ఒకే మాటగా చూడండి, సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

ఇక అసలు విషయం. ఇంగ్లిష్‌లో డోంట్, వోంట్, డిడ్‌న్ట్ లాంటి మాటకు కుడివైపు ఉన్నదాన్ని అది కాదంటుంది. ఎడమవైపు ఉన్నదాని జోలికి పోదు. ‘డెఫినెట్లీ వోంట్ రీచ్’ అంటే ఖాయం, చేరదు. ‘వోంట్ డెఫినెట్లీ రీచ్’ అంటే ఆ ఖాయమనేదాన్నే కాదంటున్నారు, అంటే ఖాయంగా చేరుతుందని చెప్పలేం అని. మీ కొనుగోలుదారుడు దాన్ని అలా చదువుకున్నాడంటే అతని తప్పేమీ లేదు. నిజానికి ఆ రెండో వాక్యం ఇంగ్లిష్ వాళ్ళ నోట పెద్దగా వినపడదు. కాబట్టి చదివినవాళ్ళు అర్థాన్ని ఊహించుకోవాల్సి వస్తుంది.

మనకు ఇది ఎందుకు తట్టదంటే, తెలుగులో కాదు అనేది వాక్యం చివర వస్తుంది. ‘కంటైనర్ ఖచ్చితంగా శుక్రవారానికి చేరదు’. ఖచ్చితంగా అన్న మాటను ఎక్కడ పెట్టినా అది చేరదుకి ముందే ఉంటుంది. ‘శుక్రవారానికి ఖచ్చితంగా చేరదు’ అన్నా అర్థం మారదు. దీంతో ఇలాంటి మాటల చోటు పెద్ద విషయం కాదనే అలవాటు మనలో పాతుకుపోయింది. రెండో అర్థం కావాలంటే మనం మాట చోటు మార్చం, వాక్యాన్నే మారుస్తాం: ‘ఖచ్చితంగా చేరుతుందని చెప్పలేం’. లేదంటే చిన్న ఏకారం తగిలిస్తాం. ‘నేను కావాలని చెప్పలేదు’ అంటే ఏదో నోరు జారింది, ఉద్దేశపూర్వకంగా అన్నది కాదు. ‘నేను కావాలనే చెప్పలేదు’ అంటే తెలిసి తెలిసి దాచిపెట్టాను. ఒక్క ఏకారంతో మనిషి నిర్దోషి నుంచి దోషి అయిపోతాడు. ఇంగ్లిష్‌లో ఆ ఏకారం చేసే పని మాట చోటు చేస్తుంది. ‘ఐ డిడ్‌న్ట్ డెలిబరేట్లీ హైడ్ ఇట్’ అంటే కావాలని దాచలేదు. ‘ఐ డెలిబరేట్లీ డిడ్‌న్ట్ టెల్ దెమ్’ అంటే కావాలనే చెప్పలేదు. ఆఫీసులో మెమోకి సంజాయిషీ రాసేటప్పుడు ఈ రెండూ తారుమారైతే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

అందుకే రాసే ముందు తెలుగులో ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. మీరు చెప్పదలచుకున్నది ‘ఫలానాగా అని కాదు’ అనే రూపంలోకి ఒదిగితే, ఆ యాడ్‌వెర్బ్ డోంట్‌కి తర్వాత. ఒదగకపోతే ముందు. ‘కావాలని అని కాదు’ సరిపోతే డిడ్‌న్ట్ తర్వాత డెలిబరేట్లీ. ‘పూర్తిగా ఒప్పుకుంటున్నానని కాదు’ సరిపోతే ‘ఐ డోంట్ కంప్లీట్లీ అగ్రీ’. రేటు దగ్గర బేరం ఆడేటప్పుడు ఇది చాలా పనికొచ్చే వాక్యం, తలుపు తెరిచే ఉంచుతుంది. అస్సలు ఒప్పుకోను అనాలంటే ‘ఐ కంప్లీట్లీ డోంట్ అగ్రీ’ అనరు, ‘ఐ కంప్లీట్లీ డిసగ్రీ’ అంటారు, లేదా ‘ఐ డోంట్ అగ్రీ ఎట్ ఆల్’.

ఇప్పుడు మీ రియల్లీ సంగతి. రెండూ కరెక్టే, కానీ రెండూ ఒకటి కాదు. ‘ఐ రియల్లీ డోంట్ నో’ అంటే నిజంగా నాకు తెలీదు, ఎంత అడిగినా ఇదే జవాబు. ‘ఐ డోంట్ రియల్లీ నో’ అంటే నాకంతగా తెలీదు, అంత గట్టిగా చెప్పలేను. ఈ తేడా మనుషుల దగ్గరకు వచ్చేసరికి మర్యాద అవుతుంది. ఎవరింటికైనా వెళ్తే కాఫీ ఇచ్చారనుకోండి. ‘ఐ డోంట్ రియల్లీ లైక్ కాఫీ’ అంటే కాఫీ అంటే అంత ఇష్టం లేదండీ అన్నట్టు, మెత్తగా ఉంటుంది. ‘ఐ రియల్లీ డోంట్ లైక్ కాఫీ’ అంటే కాఫీ నాకు అస్సలు పడదు అన్నట్టు. ‘ఐయామ్ నాట్ రియల్లీ హంగ్రీ’ అంటే పెద్దగా ఆకలి లేదు, ఇంకోసారి బలవంతం చేస్తే ఒక ముద్ద తింటారేమో. ‘ఐయామ్ రియల్లీ నాట్ హంగ్రీ’ అంటే ఇక అడగొద్దు. ఇంగ్లిష్ వాళ్ళు ‘నాట్ రియల్లీ’ని ఎంత వాడతారంటే, ముఖం మీద నో అనడం ఇష్టంలేని చోటల్లా అదే. కొత్త శాంపిల్ నచ్చిందా అని మీరు అడిగినప్పుడు ‘నాట్ రియల్లీ’ అని జవాబొస్తే నచ్చలేదనే అర్థం. సగం నచ్చింది అనుకుని రెండో శాంపిల్ అదే రకం పంపకండి.

జస్ట్ కూడా ఇలాగే మనిషిని తికమక పెడుతుంది. ‘ఐ జస్ట్ డోంట్ అండర్‌స్టాండ్’ అంటే ఎంత చూసినా బుర్రకెక్కడం లేదు. ‘వీ డోంట్ జస్ట్ ఎక్స్‌పోర్ట్ ష్రింప్’ అంటే రొయ్యలొక్కటే కాదు, చేపలూ పంపుతాం అని. ఇక్కడ మాట అటూ ఇటూ జరిగి ‘వీ జస్ట్ డోంట్ ఎక్స్‌పోర్ట్ ష్రింప్’ అయితే రొయ్యలు అసలే పంపం అని. మీ కంపెనీ పరిచయంలో ఆ వాక్యం పడిందంటే ఆర్డర్లు రావు.

కొన్ని మాటలు మాత్రం మన ఎంపికకు వదలవు. ప్రాబబ్లీ చూడండి. బహుశా అనేది మాట్లాడేవాళ్ళ అంచనా. అంచనాను ఎవరూ కాదనరు, అది వాక్యం బయట నిలబడి చెబుతుంది. అందుకే అది ఎప్పుడూ ఎడమవైపే: ‘ఇట్ ప్రాబబ్లీ వోంట్ రెయిన్’. ‘ఇట్ వోంట్ ప్రాబబ్లీ రెయిన్’ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. సర్టెన్లీ, అన్‌ఫార్చునేట్లీ కూడా ఇదే బాపతు. సమ్‌టైమ్స్ కూడా అంతే: ‘వీ సమ్‌టైమ్స్ డోంట్ గెట్ యువర్ మెయిల్స్’. దీన్ని డోంట్ తర్వాతకి తీసుకెళ్ళకండి.

కుదించే పద్ధతి మార్చినా చోటు దొరుకుతుంది, ఇది చాలామంది గమనించరు. అతను రాకపోవచ్చు అనడానికి ‘హీ ప్రాబబ్లీ ఈజ్‌న్ట్ కమింగ్’ అనొచ్చు, ‘హీజ్ ప్రాబబ్లీ నాట్ కమింగ్’ అని కూడా అనొచ్చు. రెండో దాంట్లో ఈజ్ వెళ్ళి హీతో కలిసింది, నాట్ విడిగా మిగిలింది. మీ టీచర్ సూత్రం అక్కడ మళ్ళీ పనిచేస్తుంది. మన గురించి మనం చెప్పుకునేటప్పుడు మాత్రం ‘ఐయామ్ ప్రాబబ్లీ నాట్’ అనే దారే సుఖం, ఎందుకంటే ఆమ్, నాట్ కలిసిన మాట ప్రామాణిక ఇంగ్లిష్‌లో లేదు.

ఆల్వేస్ దగ్గర మనవాళ్ళు చాలామంది బోల్తా పడతారు. ‘నేను ఎప్పుడూ మాంసం తినను’ అని తెలుగులో సుబ్బరంగా ఉంటుంది. అదే వరసలో ‘ఐ ఆల్వేస్ డోంట్ ఈట్ మీట్’ అనేస్తారు. ఈ ఎప్పుడూకి ఇంగ్లిష్‌లో ‘నెవర్’ ఉంది: ‘ఐ నెవర్ ఈట్ మీట్’. ‘కాదు’ అనే అర్థం నెవర్‌లోనే ఉంది, మళ్ళీ డోంట్ అక్కర్లేదు. ‘ఐ డోంట్ ఆల్వేస్ ఈట్ మీట్’ అంటే ఎప్పుడూ తింటానని కాదు, అప్పుడప్పుడు మానేస్తాను అని. శాకాహారి ఈ వాక్యం చెబితే కంచంలో చికెన్ పడుతుంది.

ఆఫెన్ రెండు చోట్లా ఉంటుంది, రెండు అర్థాలతో. వారంలో మూడు రోజులు టిఫిన్ మానేసే మనిషి ‘ఐ ఆఫెన్ డోంట్ ఈట్ బ్రేక్‌ఫాస్ట్’ అనొచ్చు, తరచూ మానేస్తున్నాడు కాబట్టి. ‘ఐ డోంట్ ఆఫెన్ ఈట్ బ్రేక్‌ఫాస్ట్’ అంటే మాత్రం అబద్ధం, ఎందుకంటే దానర్థం టిఫిన్ తినేదే అరుదు అని. యూజువల్లీకి మాత్రం ఈ బాధ లేదు. డోంట్ యూజువల్లీ అన్నా, యూజువల్లీ డోంట్ అన్నా సాధారణంగా చేయను అనే. అక్కడ టెన్షన్ పడకండి.

స్టిల్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మీ పనిలో రోజూ వచ్చేది కాబట్టి. మనకు ‘ఇంకా’ ఒక్కటే. బీఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్, సరుకుకి షిప్పింగ్ కంపెనీ ఇచ్చే రవాణా పత్రం) ఇంకా రాలేదు. ఇంగ్లిష్‌లో దీనికి రెండు మాటలు, రెండు చోట్లు. స్టిల్ అయితే ముందు: ‘వీ స్టిల్ హ్యావ్‌న్ట్ రిసీవ్డ్ ద బీఎల్’. యెట్ అయితే చివర: ‘వీ హ్యావ్‌న్ట్ రిసీవ్డ్ ద బీఎల్ యెట్’. రెండోది మామూలు సమాచారం. మొదటిదాంట్లో ఇన్ని రోజులైనా రాలేదు అనే విసుగు కొంచెం తగులుతుంది. మొదటి రిమైండర్‌లో యెట్ వాడండి, మూడో రిమైండర్‌కి స్టిల్ అట్టిపెట్టుకోండి. ‘హ్యావ్‌న్ట్ స్టిల్ రిసీవ్డ్’ మన దగ్గర తరచూ కనపడుతుంది, దాన్ని వదిలేయండి. ఇంకా పంపలేదా అని అడగాలంటే ‘స్టిల్ యూ డిడ్‌న్ట్ సెండ్?’ అనకుండా ‘హ్యావ్‌న్ట్ యూ సెంట్ ఇట్ యెట్?’ అనండి. ప్రశ్నలో హ్యావ్‌న్ట్ మొత్తం యూ కంటే ముందుకు దూకుతుందని గమనించారా? అది ఒకే మాట అనడానికి ఇదీ ఒక గుర్తు. విడదీస్తే ‘హ్యావ్ యూ నాట్’ అవుతుంది, నాట్ వెనకే ఆగిపోతుంది.

ఈవెన్ విషయంలో పైన చెప్పిన పరీక్ష సాయం చేయదు. ‘కనీసం ఫోన్ కూడా చేయలేదు’ అనడానికి ‘హీ డిడ్‌న్ట్ ఈవెన్ కాల్’. ‘హీ ఈవెన్ డిడ్‌న్ట్ కాల్’ అని మనవాళ్ళు అంటుంటారు, అది సహజంగా ఉండదు. దీనికి సూత్రం వెతక్కండి, డిడ్‌న్ట్ ఈవెన్, డోంట్ ఈవెన్, కాంట్ ఈవెన్ అని జంటగా నోటికి పట్టించుకోండి. ‘నేను కూడా వెళ్ళలేదు’ లోని కూడాకి ‘ఐ డిడ్‌న్ట్ ఆల్సో గో’ కాదు, ‘ఐ డిడ్‌న్ట్ గో ఐదర్’, చివర్లో.

ఓన్లీ మన సొంత సరుకు. ‘మీ మెయిల్ నేను చూడనే లేదు’ లోని ఏకారాన్ని ఎలాగైనా ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్ళాలని ‘ఐ డిడ్‌న్ట్ సీ యువర్ మెయిల్ ఓన్లీ’ అంటాం. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు దీన్ని నేను తప్పు పట్టను, హైదరాబాద్‌లో అన్నా చెన్నైలో అన్నా వినేవాళ్ళకు అర్థమవుతుంది. మన భాషల రుచి అందులో ఉంది. కానీ బయటి దేశంవాళ్ళు అందరి మెయిల్స్ చూసి మాదొక్కటే వదిలేశారా అనుకునే ప్రమాదం ఉంది. వాళ్ళకు రాసేటప్పుడు ‘ఐ డిడ్‌న్ట్ సీ యువర్ మెయిల్ ఎట్ ఆల్’ అని రాయండి.

ఎలా చేశారో చెప్పే మాటలు, ప్రాపర్లీ, కేర్‌ఫుల్లీ, ఫ్లూయెంట్లీ లాంటివి చివరికి పంపితే చాలావరకు సరిపోతుంది: ‘వీ డిడ్‌న్ట్ చెక్ ద లేబుల్స్ ప్రాపర్లీ’. క్రియకీ దాని కర్మకీ మధ్య మాత్రం దూర్చకండి. ‘షీ కాంట్ స్పీక్ ఫ్లూయెంట్లీ ఇంగ్లిష్’ అన్నది మన ఇంటర్వ్యూల్లో బాగా వినపడే పొరపాటు.

దగ్గరి విషయం ఇంకోటి. ‘వాళ్ళు ఈ రేటుకి ఒప్పుకోరనుకుంటా’ అనడానికి మనం ‘ఐ థింక్ దే వోంట్ అగ్రీ’ అంటాం. తప్పు లేదు, కానీ ఇంగ్లిష్ వాళ్ళు ఎక్కువగా ఆ కాదుని ముందుకు లాగేస్తారు: ‘ఐ డోంట్ థింక్ దే విల్ అగ్రీ’. అంటే నేను అనుకోవడం లేదు అని కాదు. ఒప్పుకోరనే అనుకుంటున్నారు. ఇలా మొదలుపెడితే మాట కూడా మెత్తబడుతుంది.

ప్రతి మాటకీ టెన్షన్ పడాలా అని అడిగారు. అక్కర్లేదు. మాట్లాడేటప్పుడు గొంతే చాలా పని చేసిపెడుతుంది. ఏ మాట మీద ఒత్తు పెట్టారో విని ఎదుటివాళ్ళు అర్థం చేసుకుంటారు, తేడా వస్తే అక్కడే అడిగేస్తారు. తెలుగు మీడియంలో చదివి, దేశాలు దాటి వెళ్ళే కాగితాలు ఇంగ్లిష్‌లో నడిపిస్తున్న మీరు ఒక్క మాట చోటు తప్పినందుకు చిన్నబుచ్చుకోవడం నాకు నచ్చలేదు. ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్ళూ ఇదే చోట తడబడతారు.

మెయిల్‌లో గొంతు ఉండదు. కాబట్టి డబ్బు, తేదీ, బాధ్యత ఈ మూడింటిలో ఏదున్నా అక్కడ కుదింపులు మానేయండి. వోంట్ బదులు విల్ నాట్, డిడ్‌న్ట్ బదులు డిడ్ నాట్ రాయండి. నాట్ విడిగా కళ్ళ ముందు ఉంటే, ఏ మాట దానికి ముందుందో ఏది వెనకుందో మీకే కనపడుతుంది. ఇంకా మంచిది, అలాంటి వాక్యాల్లో డెఫినెట్లీ, రియల్లీ లాంటివే తీసేయడం. చేరదు అని చెప్పాక ఖచ్చితంగా అని బల్ల గుద్దాల్సిన పని లేదు. దాని బదులు ఎప్పుడు చేరుతుందో చెప్పండి. మీ కొనుగోలుదారుడికి కోల్డ్ స్టోరేజీ బుక్ చేసుకోవడానికి కావాల్సింది ఆ తేదీనే.

కంటైనర్ మంగళవారం చేరుతుందని షిప్పింగ్ లైన్ వాళ్ళు చెప్పారనుకుంటే, మీ మెయిల్‌ని నేనైతే ఇలా రాస్తాను: ‘ద కంటైనర్ విల్ నాట్ రీచ్ యూ బై ఫ్రైడే. ద షిప్పింగ్ లైన్ నౌ ఎక్స్‌పెక్ట్స్ ఇట్ ఆన్ ట్యూజ్‌డే. ప్లీజ్ డూ నాట్ బుక్ కోల్డ్ స్టోరేజ్ ఫర్ ఫ్రైడే.’